రక్షక కణమునకు వార్త యెట్లు చేరును?

బిడ్డకు టీకా వేయించుట తలిదండ్రులెల్లరు నెరిగిన పనియే. కాని భుజమున పొడిచిన మందు దేహములోని రక్షకభటులకు ఏ రీతిని కబురందించునో తెలిసికొనుట యుచితము.

మన తెల్లరక్తకణములలో టి కణములను తెగ యొకటి కలదు. ప్రతి టి కణపు పైపొరను గ్రాహకములను అణువులు వేలకొలదిగా నుండును. ఇతర కణములు రోగక్రిమి శకలములను పట్టి చూపగా, తనకు సరిపడు శకలమును మాత్రమే గ్రాహకము గుర్తించును. ఈ గ్రాహకపు జన్యువులు 1984లో కనుగొనబడినవి.

ఇచట నొక చిక్కు కలదు. పొరకు లోపలనున్న గ్రాహకపు తోక మిక్కిలి పొట్టిది. వీథితలుపు గొలుసు మ్రోగినంతనే వంటయింటిలోని వారికి తెలియదు. నడవలోనివారు విని లోనికి చెప్పవలెను. ఆ పనిని సిడి3 అను తోడి మాంసకృత్తులు చేయును. గ్రాహకము శకలమును పట్టగనే ఎల్‌సికె అను ఎంజైము సిడి3 తోకలపై ఫాస్ఫేటు ముద్రలు వేయును. ఆ ముద్రలకు జాప్-70 అను మరియొక ఎంజైము వచ్చి యంటుకొని, మేల్కొని, తరువాతి వాటిపై ముద్రలు వేయును. అంతట కణములో దాగిన కాల్షియము వెలువడును. దాని ప్రేరణచే ఎన్‌ఫాట్ అను మాంసకృత్తు కేంద్రకమున ప్రవేశించి తగిన జన్యువులను మేల్కొల్పును. కణము రెండై, నాలుగై, వృద్ధి పొందును.

ఈ వరుసలో నొక్కటి లోపించినను కీడు తప్పదు. కొందరు శిశువులకు పుట్టుకతోనే జాప్-70 లోపించుట 1994లో వెల్లడియైనది. వారి రక్తమున టి కణములలో నొక తెగ సమృద్ధిగనే యుండును, గొలుసును మ్రోగును, వార్త మాత్రము లోనికి పోదు. అట్టి శిశువులు రోగములకు సులభముగ లొంగుదురు.

మరియు గొలుసు మ్రోగుట యొక్కటియే చాలదు. సిడి28 అను అణువు ద్వారా రెండవ హెచ్చరికయు రావలెను. లేనిచో కణము నిద్రాణమగును. మన దేహమును మన కణములే కొట్టకుండుటకు ఇది యొక కట్టుబాటు. ధనుర్వాతము, కంఠసర్పి టీకాలలో అల్యూమినియము లవణము చేర్చుట రక్షక కణములను చక్కగ మేల్కొల్పుటకే. పైపొరలో కళ్లెము వంటి అణువులును కలవు. వానిని సడలించి క్యాన్సరును ఎదుర్కొను మార్గము చూపినందులకు ఆలిసన్, హోంజో అను శాస్త్రజ్ఞులకు 2018లో నోబెల్ బహుమానము లభించినది.

కావున టీకా పిమ్మట స్వల్పజ్వరము వచ్చెనని తదుపరి మోతాదు మానరాదు. అది సాధారణముగ కణములు మేల్కొన్నదానికి గురుతు. కాని బిడ్డకు తీవ్రవ్యాధులు మాటిమాటికి వచ్చుచున్నచో, టీకాకు ముందే ఆ సంగతి వైద్యునికి దాచక తెలుపవలెను.