ఉప్పుగాలిలో ఆయిల్ సీలు

సముద్రపు ఒడ్డున తిరిగే బైకుల్ని ముందు చక్రం దగ్గర ఒకసారి పరిశీలించండి. మెరవాల్సిన గొట్టం చుట్టూ ఉంగరంలా నల్లటి జిడ్డు కనిపిస్తుంది. దాని కింద నూనె చార బ్రేకు డిస్కు వైపు జారి ఉంటుంది. ‘ముందు షాకబ్జర్ లీకు, సీలు పోయింది’ అంటాడు మెకానిక్కు. కొత్త సీలు వేయిస్తాం. కొన్నాళ్లకే మళ్లీ అదే చార. ‘డూప్లికేటు సరుకు అంటగట్టారు’ అని షాపువాణ్ణి తిట్టుకుంటాం. నెల్లూరు తీరంలో చాలాసార్లు తప్పు సీలుది కాదు. అది ఆనుకుని ఉండే గొట్టానిది, ఆ గొట్టాన్ని కొరికిన ఉప్పుది.

ఫోర్కు లోపల

హీరో ఎక్స్‌పల్స్, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ లాంటి మట్టిదారి బండ్లకు గుంతల్లో ముందు చక్రం బాగా పైకీ కిందికీ ఆడాలి. ఎక్స్‌పల్స్ 200లో అది 190 మిల్లీమీటర్లు, హిమాలయన్ 411లో 200 మిల్లీమీటర్లు ఆడుతుంది. చక్రానికి చెరో పక్కన క్రోమియం పూసిన ఉక్కు గొట్టం ఒకటి, అల్యూమినియం గొట్టంలోకి దిగుతూ లేస్తూ ఉంటుంది. ఈ గొట్టాల జతనే ఫోర్కు అంటారు, మెకానిక్కు చెప్పిన ముందు షాకబ్జర్ ఇదే. లోపల స్ప్రింగు, నూనె ఉంటాయి. దెబ్బను మోసేది స్ప్రింగు. అది తిరిగి ఎగరకుండా అదుపు చేసేది నూనె. సన్నటి రంధ్రాల గుండా దూరేటప్పుడు నూనెకు కలిగే ఒరిపిడిలో కుదుపు శక్తి వేడిగా మారిపోతుంది. 1935లో జర్మనీ కంపెనీ బీఎండబ్ల్యూ తన ఆర్12 బైకుకు ఇలాంటి ఫోర్కు అమర్చింది. ఆ తర్వాత ప్రపంచమంతా అదే దారి పట్టింది.

అల్యూమినియం గొట్టం మూతి దగ్గర కూర్చునే రబ్బరు వలయమే ఆయిల్ సీలు. దాని పెదవి వెనక సన్నటి స్ప్రింగు చుట్ట ఉంటుంది. అది పెదవిని ఎప్పుడూ గొట్టానికి అదిమి పెడుతుంది. సీలు నూనెను పూర్తిగా ఆపేయదు. దోసెల పెనానికి ఉల్లిపాయ ముక్కతో నూనె రాసినట్టు, గొట్టం మీద మైక్రాన్ల మందాన ఒక పొర వదులుతుంది. ఆ పొర లేకపోతే రబ్బరు ఒట్టి లోహానికి రాసుకుని అరిగిపోతుంది. చిక్కల్లా ఏమిటంటే, దుమ్ము వచ్చి అంటుకునేదీ ఆ పొరకే. అందుకే సీలు పైన దుమ్మును తుడిచే డస్టు సీలు మరొకటి పెడతారు.

ఉప్పు కాటు

అలల తుంపర్లు గాలిలో ఆరిపోగా మిగిలిన ఉప్పు బండి మీద పేరుకుంటుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే కరిగి నీరవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు. ఇస్కపల్లి ఉప్పుమళ్ల పక్కన గుట్టలు చెమర్చడం చూసినవారికి ఇది తెలిసిన సంగతే. అంటే తీరంలో నిలిపిన బండి వాన పడకపోయినా రాత్రంతా ఉప్పునీటిలో తడుస్తున్నట్టే లెక్క.

గొట్టం మీది క్రోమియం గట్టిదే, తుప్పు పట్టనిదే. అయితే ఆ పూతలో కంటికి కనపడని సన్నటి పగుళ్లు సహజంగానే ఉంటాయి. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు వాటిగుండా దిగి కింది ఉక్కును చేరతాయి. అక్కడ ఒక చిన్న బ్యాటరీ తయారవుతుంది. చుట్టూ విశాలమైన క్రోమియం ఒక ధ్రువం, పగులు అడుగున సూదిమొనంత ఉక్కు రెండో ధ్రువం. నష్టమంతా ఆ సూదిమొన దగ్గరే జరుగుతుంది కాబట్టి తుప్పు వెడల్పుగా పాకకుండా లోతుకు తవ్వుతుంది. తుప్పు ఉక్కు కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. దాంతో పైనున్న క్రోమియం అంచు లేచి కత్తిలా నిలబడుతుంది. ప్రతి గుంతకూ ఆ అంచు రబ్బరు పెదవిని కోస్తుంది.

ఇసుక పని వేరు. తీరపు ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. సైదాపురం ప్రాంతంలో తవ్వే తెల్లరాయి కూడా ఇదే. దాని కాఠిన్యం మోస్ కొలమానంలో 7. గూడూరు వైపు దొరికే అభ్రకానిది 3 లోపే. అభ్రకం రేకు పెదవి కిందికి దూరినా పెద్దగా హాని చేయదు. క్వార్ట్జ్ నలుసు మాత్రం రబ్బరులో కూరుకుపోయి గొట్టం మీద నిలువు గీతలు పెడుతుంది.

ఇంట్లో మార్చాలంటే

లీకు కనిపించగానే ఫోర్కు విప్పకండి. డస్టు సీలు పైకి లాగి, పాత ఎక్స్‌రే ఫిల్ము నుంచి సన్నటి పట్టీ కత్తిరించి, చివర కొక్కెంలా గాటు పెట్టండి. దాన్ని సీలుకూ గొట్టానికీ మధ్య దూర్చి చుట్టూ తిప్పి లాగితే ఇరుక్కున్న నలుసు బయటికి వస్తుంది. నలుసు వల్ల వచ్చిన లీకైతే అక్కడే ఆగిపోతుంది.

ఆగకపోతే గొట్టాన్ని గోరుతో తడమండి. సీలు తిరిగే మేరలో గోరు ఎక్కడైనా పట్టుకుందంటే ముందు దాని సంగతి చూడాలి. చక్రం ఎంత లేచినా సీలు చేరని పైభాగంలో మచ్చ ఉంటే ఫర్వాలేదు.

ఇక పని. బండిని కదలకుండా నిలిపి, ముందు చక్రం ఇంకా నేల మీద ఉండగానే పై క్లాంపు బోల్టు, ఆ తర్వాత ఫోర్కు మూత కొద్దిగా వదులు చేయండి. అడుగున ఉండే ఎలెన్ బోల్టును కూడా అప్పుడే కదిలించాలి. స్ప్రింగు ఒత్తిడి వల్ల లోపలి కడ్డీ బోల్టుతో పాటు తిరగదు. తర్వాత ఇంజను కింద ఆధారం పెట్టి చక్రం తీయాలి. బ్రేకు కాలిపర్‌ను తాడుతో వేలాడదీయండి, దాని బరువు బ్రేకు పైపు మీద పడకూడదు. డిస్కు బయట ఉన్నంతసేపు లివరు నొక్కకూడదు. మూత కింద స్ప్రింగు బిగుసుకుని ఉంటుంది కనుక మొహం పక్కకు పెట్టి విప్పండి. పాత నూనెను కాలువలోనో రొయ్యల గుంటలోనో పోయకుండా మెకానిక్కు దగ్గరి పాత నూనె డబ్బాలో పోయండి.

సీలును పట్టి ఉంచే సర్‌క్లిప్పు తీసి, అడుగు బోల్టు విప్పి, గొట్టాన్ని ఝాడించి లాగితే చాలా ఫోర్కుల్లో సీలు దానితోనే ఊడి వస్తుంది. గొట్టం మీద లేచిన అంచులను నూనెలో తడిపిన సన్నరకం ఎమరీ పేపరుతో నునుపు చేయండి. లోతైన గొయ్యిని ఎపాక్సీతో పూడ్చి సమం చేస్తే కొంతకాలం నడుస్తుంది. గోతులు ఎక్కువగా ఉంటే గొట్టం మార్చడమో, మళ్లీ క్రోమియం పూయించడమో తప్పదు.

కొత్త సీలు ఎక్కించే ముందు గొట్టం చివరకు పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి నూనె రాయండి, లేకపోతే అంచు తగిలి పెదవి చిరుగుతుంది. స్ప్రింగు చుట్ట కనిపించే వైపు నూనె ఉండే దిక్కుకు రావాలి. పైన పాత సీలు ఆనించి, సరైన సైజు పీవీసీ పైపుతో సర్‌క్లిప్పు గాడి కనిపించేదాకా సమంగా కొట్టాలి. అడుగు బోల్టుకు కొత్త రాగి వాషరు వేయండి.

నూనె కొలత తప్పకూడదు. నూనె మీద మిగిలే గాలి కూడా స్ప్రింగులాగే పనిచేస్తుంది. నూనె ఎక్కువైతే గాలి చోటు తగ్గి ఫోర్కు బిగుసుకుంటుంది, తక్కువైతే అడుగు కొట్టేస్తుంది. బండితో వచ్చిన మాన్యువల్‌లో చెప్పిన నూనె గ్రేడూ ఎత్తూ పాటించండి. చక్రం ఎక్కించాక ఫోర్కును కొన్నిసార్లు కిందికి నొక్కి, దాని కాళ్లు రెండూ వరుసకు వచ్చాకే ఇరుసు క్లాంపు బిగించాలి. లీకైన నూనె బ్రేకు ప్యాడ్లకు పట్టి ఉంటే కడిగి వాడొద్దు, మార్చేయండి. నూనె తాగిన ప్యాడు బ్రేకు పట్టదు.

తీరం నుంచి వచ్చాక ఆ పూటే బండిని మంచినీళ్లతో కడగాలి. సముద్రం పక్క ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగితే బురద పోతుంది కానీ ఆరాక కొత్త ఉప్పు మిగులుతుంది. చివరి చెంబు మాత్రం తాగే నీటిది కావాలి. ఫోర్కుకు రబ్బరు బూట్లున్న బండ్లలో అప్పుడప్పుడు బూటు పైకి జరిపి లోపల తుడవండి. ఇసుకను ఆపే ఆ బూటే ఉప్పు తడిని లోపల నిలవ ఉంచుతుంది, తుప్పును కంటపడకుండా దాస్తుంది.