వంటయింటి సేద్యము

ఈ పత్రికలో విత్తనములు, ఎరువులు, తెగుళ్లు మొదలగు విషయములను గూర్చి వ్రాయుట మాకు వాడుక. ఈ మాసమున వంటను గూర్చి వ్రాయుచున్నాము. వ్యవసాయ ప్రదర్శకునకు గరిటెతో నేమి పని యని పాఠకులు నవ్వవచ్చును. అయినను పంట పోయిన గ్రామములకు వెళ్లినప్పుడెల్ల మా కంటబడుచున్న సంగతి యొకటి కలదు. నష్టపడిన యింట మొదట చల్లారునది పొయ్యి.

2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల యొద్ద తీరము దాటినది. కోతకు వచ్చిన వరి నేల కొఱగినది. కోసిన పనలు నీట నానినవి. అట్టి దినములలో లెక్కలు వ్రాసికొనువారు పొలమునకు పోవుదురే గాని వంటయింటిలోనికి తొంగి చూడరు. చూచినచో, ఉదయమున తేనీరు, మధ్యాహ్నము నిన్నటి యన్నము, రాత్రికి అంగడినుండి తెచ్చిన పొట్లము కానవచ్చును. డబ్బాలో బియ్యమున్నను వండుటకు మనసు రాదు. యజమాని అరుగుమీద ఊరక కూర్చుండును. పిల్లలు అతని మొగము చూచి ఆకలి యని చెప్పుటకు జంకుదురు.

దిగులుపడిన వానితో ముందు మనసు కుదుటబరచుకొనుము, పిదప పని చూడుమని లోకులు చెప్పుదురు. మనోవ్యాధులకు చికిత్స చేయు వైద్యులు పెక్కుసార్లు దీనిని తలక్రిందు చేసి చెప్పుచున్నారు. మనసు బాగుపడు వఱకు వేచియుండక, చిన్న పని నొకదానిని వేళ నిర్ణయించుకొని ప్రతిదినము చేసినచో, మనసు దాని వెంట మెల్లగా కదలునట. అట్టి పనులలో రైతునకు వంట మిగుల తగినదని మా తలంపు. ఏలయన, పొలమున విత్తినది చేతికి వచ్చుటకు నాలుగు నెలలో ఆరు నెలలో పట్టును. నడుమ వాన, పురుగు, ధర అను మూడింటికిని లోబడియుండవలెను. పొయ్యిమీద పెట్టినది గంటలో చేతికి వచ్చును, దాని మంచిచెడ్డలు చాలవఱకు మన చేతిలోనివే. ఏదియు మన చేత కాదను భావము బలపడియున్న దినములలో ఇది స్వల్ప విషయము గాదు. మఱియు వంట చేయువాని చేతులును, కన్నులును, ముక్కును ఒక్క చోటనే యుండవలెను. ఆవాలు చిటపటలాడు వేళ అప్పు జ్ఞాపకము రాదు. వచ్చినచో పోపు మాడును.

ఇచ్చట స్త్రీలు మమ్ము నిలదీయుదురు, అది న్యాయమే. వేకువను లేచి వండి, నాట్లకు పోయి, నడుము పట్టుకొని వచ్చి, మఱల పొయ్యి ముట్టించు ఇల్లాలితో వంటయందు ఆనందము కనుగొనుమనుట, మిట్టమధ్యాహ్నము దుక్కి దున్నువానితో ఎండ యందమును చూడుమనుట వంటిది. ఆమెకు కావలసినది ఒక పూట విశ్రాంతి. పంట పోయిన దిగులు ఆమెకు మాత్రము లేదా? కావున ఈ నాలుగు మాటలను ముఖ్యముగా పురుషుల కొఱకే వ్రాయుచున్నాము.

మగవాడు పొయ్యి యొద్ద కూర్చుండుట చిన్నతనమని తలచువారు నలభీమపాకమను మాటను మఱచిరి కాబోలు. మంచి వంటను పొగడుటకు మన పెద్దలు ఎన్నుకొన్న పేర్లు రెండును పురుషులవే. ఆ యిరువురును రాజ్యము పోయిన కాలముననే పరుల యింట వంటవారైరి. జూదమున సర్వమును గోల్పోయిన నలుడు బాహుకుడై ఋతుపర్ణుని కొలువున నిలిచెను. భీముడు వలలుడై విరటుని వంటశాల జేరెను. పోయిన భర్తను దమయంతి ఆనవాలు పట్టిన గురుతులలో అతడు వండిన వంటకపు రుచి యొకటి. వానతో ఏటేట జూదమాడు మన కులమువారికి ఆ కథలు పరాయివి గావు.

ఏది వండవలెనని యడిగినచో, మొదట ఉలవచారు కాచుడని మేము చెప్పుదుము. పూర్వము ఎడ్లున్న ప్రతి యింటను ఉలవలు ఉడుకుచుండెడివి. గింజలు ఎడ్లకును, కట్టు ఇంటివారికిని. ఎడ్లు తగ్గి ట్రాక్టరులు వచ్చినవి గాని చారు నిలిచినది, పెండ్లి విందులకు సహితము ఎక్కినది. వానలు ఆలస్యమై వేరుసెనగ అదను దాటిపోయినప్పుడు అనంతపురము మెట్టలలో రైతులు ఉలవ చల్లుదురు. కొద్ది తేమతో పండు గింజ యది.

అరకిలో ఉలవలను రాళ్లు లేకుండ ఏరి, కడిగి, రాత్రి నానవేయవలెను. మఱునాడు నాలుగు లీటర్ల వఱకు నీరు పోసి సన్నని సెగమీద రెండు మూడు గంటలు ఉడికింపవలెను. గింజ వ్రేళ్ల నడుమ మెత్తగా నలిగిన పిదప కట్టును వడకట్టి, అందు చింతపండు పులుసు, ఉప్పు, పసుపు, కారము, ఉల్లిముక్కలు, చీల్చిన పచ్చిమిరపకాయలు వేసి, చిక్కబడు వఱకు మరిగింపవలెను. పిదప వెల్లుల్లి, ఎండుమిరప, జీలకఱ్ఱ, ఆవాలు, కరివేపాకులతో పోపు. త్వరపడినచో ఇది చెడును. పలుచని చారు ఎవరికిని రుచింపదు. ఆ మూడు గంటలును పొయ్యి యొద్ద ఎవరైన వచ్చి కూర్చుండక మానరు, మాటలును సాగును. వేడి యన్నములో చారు పోసికొని పైన వెన్నగాని మీగడగాని వేసికొనుట మా వైపు వాడుక. మిగిలిన గింజలు పశువులకు పెట్టవచ్చును. తాలింపు వేసిన గుగ్గిళ్లను పిల్లలు విడువరు.

పిల్లలు పట్టణములకో పరదేశములకో పోగా ఒంటరిగా మిగిలిన వృద్ధులు, ఒక్క కడుపునకు వంట యేమిటని మజ్జిగన్నముతో గడపుచున్నారు. వారికి మా సలహా, ఇరుగుపొరుగు రెండిండ్లవారు దినము విడిచి దినము వంతు పెట్టుకొనుడు. కొడుకో కూతురో ఫోనులో గోంగూర పచ్చడికి కొలత యడిగినచో విసుగుకొనక చెప్పుడు. చేతికొలతను మాటలలో చెప్పుట మిగుల కష్టము, నవ్వును వచ్చును.

వంటతో అప్పు తీరదు. తీరునని మేము చెప్పుట లేదు. నిద్రాహారములు మాని రెండు వారములు గడచినను, బ్రదికి ప్రయోజనము లేదని ఎవరైన పలికినను, అది చారుతో కుదురు సంగతి గాదు. అట్టివారిని ఒంటరిగా విడువక వైద్యుని యొద్దకు గొనిపోవలెను. 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ వారికి 14416 సంఖ్యకు ఫోను చేసినచో రాత్రింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే మాటలాడుదురు. మఱియొక మాట మా వృత్తికి సంబంధించినది. పురుగుమందు డబ్బాలను కొన్ని యిండ్లలో వంటయింటి అటకమీదనే యుంచుచున్నారు. వాటిని నేడే యింటినుండి తీసి, వేఱుచోట పెట్టెలో బెట్టి తాళము వేసి, తాళపుచెవిని దిగులుపడియున్న వానికి గాక ఇంటిలో మఱియొకరికి ఇయ్యవలెను.