మ్యాచ్ ఆడిన బ్యాటేనా?

క్రికెటర్ సంతకం చేసిన కొత్త బ్యాట్ వేరు, అతను మ్యాచ్‌లో ఆడిన బ్యాట్ వేరు. సేకర్తలు వెంటపడేది రెండోదాని కోసమే. 2011 ప్రపంచకప్ ఫైనల్లో ధోనీ ఆడిన బ్యాట్ అదే ఏడాది జులైలో లండన్ వేలంలో లక్ష పౌండ్లు పలికింది.

విజయవాడలో బెంజ్ సర్కిల్ దాటి సాగే బందరు రోడ్డు మీద ఇందిరాగాంధీ స్టేడియం ఉంది. 2002 నవంబరు 24న అక్కడ జరిగిన వన్డేలో వెస్టిండీస్ ఆటగాడు మార్లన్ శామ్యూల్స్ 108 పరుగులతో అజేయంగా నిలిచాడు. భారత్ 135 పరుగుల తేడాతో ఓడింది. ఆనాటి బ్యాట్ ఇదేనంటూ ఎవరైనా అమ్మకానికి పెడితే ముందు చూడాల్సింది చెక్కను. విల్లో బ్యాట్ ముఖం మీద నిలువుగా దిగే గీతలను ఆటగాళ్లు గ్రెయిన్స్ అంటారు. చెట్టు ఏటా ఒక్కో వలయం చొప్పున పెరిగిన జాడలవి. వాటి లెక్క, ఎడం, వంపు, మధ్యలో పడ్డ మచ్చ అన్నీ కలిస్తే బ్యాట్‌కు వేలిముద్ర లాంటివి. ఆ రోజు మ్యాచ్ ఫొటోను పెద్దది చేసి, గీతకు గీత సరిచూస్తారు. గ్రిప్, స్టికర్ ఎన్నిసార్లయినా మార్చేయొచ్చు కనుక వాటి సాక్ష్యం బలహీనం. పైగా స్టికర్ మీది కంపెనీయే బ్యాట్ చేసిందన్న నమ్మకమూ లేదు.

బంతి గుర్తులూ కొంత చెబుతాయి. తెల్ల బంతితో ఆడే వన్డే బ్యాట్ నిండా ఎర్ర మచ్చలుంటే అనుమానించాలి. అయితే నెట్స్‌లో ఎర్ర బంతి ఆడి ఉండొచ్చు, అంతమాత్రాన కొట్టిపారేయకూడదు. కొలతలు ఇంకా కచ్చితం. 2017 అక్టోబరు 1 నుంచి అంచు మందం 40 మిల్లీమీటర్లు, బ్యాట్ మందం 67 మిల్లీమీటర్లు దాటకూడదు. అంతకు మించిన బ్యాట్‌ను 2019 నాటి అంతర్జాతీయ మ్యాచ్‌లో ఆడిందని చెబితే నమ్మనక్కర్లేదు.

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2001 నుంచి ఒక ఏర్పాటుంది. పరిశీలకుడు మైదానంలోనే వస్తువుకు నంబరున్న హోలోగ్రామ్ అతికిస్తాడు. క్రికెట్ బ్యాట్ ఆ భరోసాతో చేతికి రావడం అరుదు. అందుకే ఆటగాడి నుంచి అమ్మేవారి దాకా ఎవరి చేతులు మారిందో కాగితం మీద ఉండాలి.

కొత్తవారు పెద్ద పేర్ల జోలికి పోకుండా ఆంధ్ర రంజీ ఆటగాళ్ల బ్యాట్లతో మొదలుపెట్టడం మేలు. ఆటగాడి చేతి నుంచే తీసుకుంటే, ఏ మ్యాచ్‌లో ఆడాడో అప్పుడే రాయించి, ముఖం, అంచులు, వెనక వైపు ఫొటోలు తీసుకోవచ్చు.

ఇంటికి తెచ్చాక అవిసె నూనె పట్టించడం, గరుకు కాగితంతో రుద్దడం, గ్రిప్ మార్చడం పనికిరావు. ఆడేవాడు బ్యాట్‌కు చేసే సేవలే సేకర్త చేతిలో దాని గుర్తులను చెరిపేస్తాయి. కృష్ణా తీరపు ఉక్కకూ ఎండకూ దూరంగా, గాలి ఆడే చోట ఉంచితే చాలు.