ఎర్రమంజిల్‌ను కాపాడిన జాబితా

హైదరాబాదు నగరంలో ఖైరతాబాదు నుండి పంజగుట్టకు వెళ్ళే దారిలో ఎర్రమంజిల్ అనే ప్రాంతం ఉంది. మెట్రో రైలు స్టేషను పలకమీద కనిపిస్తుంది గనుక నేడు ఆ పేరు అందరికీ తెలుసు. దాని పుట్టుక మాత్రం కొందరికే తెలుసు. అక్కడి గుట్టను స్థానికులు నేల రంగును బట్టి ‘ఎర్ర’ పేరుతో పిలిచేవారు. నిజాం కాలపు ఉమరావులలో ఒకరైన నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో ఆ గుట్టపై మహలు కట్టించినపుడు, జనం నోట నానిన ఆ మాటకు దగ్గరగా ధ్వనించే ‘ఇరమ్’ అనే పేరును దానికి ఎంచుకున్నారని చెబుతారు. ఫార్సీ సాహిత్యంలో ఇరమ్ అంటే స్వర్గతుల్యమైన ఉద్యానం. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ ఫజ్ర్ సూరాలో ఆద్ జాతి ప్రస్తావనతో వచ్చే ఇరమ్ పేరు మన పాఠకులకు పరిచితమే. తెలుగువారు ఎర్రమంజిల్ అన్నా, ఉర్దూ మాట్లాడేవారు ఇరమ్ మంజిల్ అన్నా ఎవరి భాషలో వారికి అర్థం కుదిరింది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఆ మహలు ప్రభుత్వపరమై, ఇంజనీరింగు శాఖల కార్యాలయాలకు నెలవైంది. 2019 జూన్ 18న తెలంగాణ మంత్రివర్గం ఆ స్థలంలో కొత్త శాసనసభా భవనం నిర్మించాలని తీర్మానించింది. జూన్ 27న శంకుస్థాపన కూడా జరిగింది. పాత మహలును కూల్చివేయడం ఇక లాంఛనమేనని చాలామంది భావించారు. అయితే నవాబు వంశీయులు, వారసత్వ పరిరక్షణ కార్యకర్తలు, పౌరసంఘాల బాధ్యులు వేర్వేరుగా హైకోర్టును ఆశ్రయించారు. సెప్టెంబరు 16న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ రాఘవేంద్ర సింగ్ చౌహాన్, జస్టిస్ షమీమ్ అక్తర్‌లతో కూడిన ధర్మాసనం మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. న్యాయస్థానంలో ఆ మహలును నిలబెట్టినది దాని అందం కాదు. అది చరిత్రాత్మకమైనదన్న భావోద్వేగం అంతకంటే కాదు. రక్షిత వారసత్వ కట్టడాల జాబితాలో దాని పేరు ఉండటమే దానిని నిలబెట్టింది. జాబితాలో చేరిన భవనం జోలికి వెళ్ళాలంటే మహానగరాభివృద్ధి సంస్థ అనుమతి పొందాలి. ప్రభుత్వం ఆ నియమాన్ని విస్మరించింది. కోర్టు తప్పుపట్టినది ముఖ్యంగా దానినే.

ఆ జాబితా ఆకాశం నుండి ఊడిపడలేదు. దేశంలో నగర వారసత్వ సంపద రక్షణకు ప్రత్యేక నిబంధనలు మొదట ముంబయిలో వచ్చాయి. వెంటనే, 1995లో, హైదరాబాదులోనూ అటువంటి నిబంధన ఏర్పడింది. నగర భూవినియోగ నియమావళిలో పదమూడవ నిబంధనగా దానిని చేర్చారు. తరువాత కొద్ది సంవత్సరాలకు వందకు పైగా భవనాలతో, ప్రాంతాలతో మొదటి జాబితా ప్రకటితమైంది. దాని వెనుక ఉన్న శ్రమను ఊహించుకోండి. గల్లీ గల్లీ తిరిగి ఏ భవనం ఎప్పటిదో, ఎవరిదో, ఏ స్థితిలో ఉందో వ్రాసుకోవాలి, ఛాయాచిత్రాలు తీయాలి, యజమానుల అనుమానాలకు సమాధానం చెప్పాలి, అధికారుల చుట్టూ తిరగాలి. ‘ఇంటాక్’ హైదరాబాదు శాఖ వంటి సంస్థలలోని వాస్తుశిల్పులు, చరిత్రకారులు, విశ్రాంత ఉద్యోగులు, గృహిణులు ఇటువంటి పనిని ఏళ్ళ తరబడి చేస్తూ వచ్చారు. ఈ పనికి పేరూ రాదు, డబ్బూ రాదు.

ఇదే జాబితాలోకి బండరాళ్ళు కూడా చేరడం మరొక విశేషం. దక్కను పీఠభూమి గ్రానైటు శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. వాటిని పేల్చి కంకర చేయడం ఆపాలని ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అనే సంఘం 1990ల నుండి పట్టుబట్టగా, తొమ్మిది శిలా సముదాయాలకు రక్షణ లభించింది. రాళ్ళకు రక్షణ ఏమిటని మొదట నవ్వినవారు లేకపోలేదు.

2015 డిసెంబరులో ప్రభుత్వం పదమూడవ నిబంధనను తొలగించింది. 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది. పాత జాబితాకు విలువ పోయిందనీ, కొత్త జాబితా ఇంకా రాలేదనీ సాగిన వాదన నడుమ ఎర్రమంజిల్ చిక్కుకుపోయింది. రెండు చట్టాల సందులో నుండి ఒక మహలు జారిపోకుండా చూడగలిగినవారు చట్టాన్ని శ్రద్ధగా చదివిన పౌరులే.

హైదరాబాదులో నగర ప్రణాళికకూ ప్రజల క్షేమానికీ ఉన్న సంబంధం ఈనాటిది కాదు. దాని మూలం ఒక విషాదంలో ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి వేలమంది ప్రాణాలను బలిగొన్నది. ప్రసిద్ధ ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క రోజున తల్లినీ, భార్యనూ, కూతురునూ పోగొట్టుకున్నారు. అఫ్జల్‌గంజ్‌లో నదీతీరాన ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బ్రతికి బయటపడ్డారు. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. నగర పౌరసంఘాలు సెప్టెంబరు 28న ఆ చెట్టు నీడన సమావేశమై మృతులను స్మరించుకుంటూ వచ్చాయి. హిందువులు, ముస్లిములు అనే తేడా లేకుండా ఆ చెట్టు అందరినీ మోసింది. స్మరణ కూడా అలాగే జరుగుతోంది. ఫలకమూ విగ్రహమూ లేకుండా ఒక నగరం తన గతాన్ని గుర్తుంచుకునే తీరులలో నాకు మిక్కిలి నచ్చినది ఇదే.

ఆ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈలోగా 1912లో ఏడవ నిజాం కాలంలో ‘సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు’ ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించి గాలీ వెలుతురూ వచ్చే ఇళ్ళు కట్టడం, వీధులు వెడల్పు చేయడం, మురుగునీటికి దారి చూపడం దాని పనులు. పత్తర్‌గట్టి బజారులోని రాతి కమానుల వరుస ఆ కాలపు కృషికి సాక్ష్యం.

ఆ రెండు జలాశయాలు వరదను ఆపడమే గాక నగరానికి త్రాగునీటిని అందించాయి. వాటిని కాపాడే బాధ్యత తరువాతి తరాలకు సంక్రమించింది. 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వును జారీచేసి, జలాశయాల పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాలలో పరిశ్రమలపై, భారీ నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. జలాశయాల నుండి పది కిలోమీటర్ల లోపు కాలుష్యకారక పరిశ్రమలు రాకూడదు. ఆ హద్దు లోపలే నూనె ఉత్పత్తులు తయారు చేసే కర్మాగారం ఒకటి పెట్టడానికి ఒక సంస్థ పూనుకున్నది. కాలుష్య నియంత్రణ మండలి నిరాకరించింది. ప్రభుత్వం మాత్రం ఆ సంస్థకు మినహాయింపునిచ్చింది. అపుడు ‘సొసైటీ ఫర్ ప్రిజర్వేషన్ ఆఫ్ ఎన్విరాన్‌మెంట్ అండ్ క్వాలిటీ ఆఫ్ లైఫ్’ అనే నగర సంఘం రంగంలోకి దిగింది. దాని సభ్యులలో శాస్త్రజ్ఞులూ అధ్యాపకులూ ఉండేవారు. వివాదం సుప్రీంకోర్టు దాకా సాగింది. 1999 జనవరిలో ఒక తీర్పు, 2000 డిసెంబరులో తుది తీర్పు వెలువడ్డాయి. హాని జరుగుతుందని పూర్తిగా రుజువయ్యే వరకు వేచి ఉండనక్కరలేదు, ముందుజాగ్రత్త వహించడమే ధర్మమని న్యాయస్థానం భావించింది. త్రాగునీరు పొందడం జీవించే హక్కులో భాగమని గుర్తించింది. మినహాయింపు చెల్లలేదు. నేడు దేశమంతటా పర్యావరణ న్యాయం చదివే విద్యార్థులు ఈ తీర్పులను పాఠంగా చదువుతారు.

అయితే గెలిచినది శాశ్వతంగా గెలిచినట్లు కాదు. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలను సడలిస్తూ ఉత్తర్వు వచ్చింది. 2023 మే నెలలో మంత్రివర్గం 111ను రద్దు చేయాలని నిర్ణయించింది. ఇక్కడ రెండవ పక్షం మాట కూడా వినాలి. ఆ 84 గ్రామాల రైతులు పాతికేళ్ళకు పైగా పొరుగు గ్రామాల భూముల ధరలు పెరుగుతుంటే చూస్తూ ఊరుకోవలసి వచ్చింది. నగరం నీళ్ళకు మూల్యం చెల్లించినవారు వారే. వారి నష్టానికి పరిహారం ఏమిటన్న ప్రశ్నకు పౌరసంఘాలు మరింత ముందుగా, మరింత గట్టిగా సమాధానం వెదకి ఉండవలసింది.

ఉస్మానియా ఆసుపత్రి విషయంలో పరీక్ష ఇంకా కఠినమైనది. 1925లో పూర్తయిన ఆ భవనం బీదసాదల ఆసుపత్రి. 2015 జులైలో దానిని కూల్చి కొత్త భవనం కడతామని ప్రకటన వెలువడినపుడు పరిరక్షణవాదులు అభ్యంతరం చెప్పారు. రోగుల ప్రాణాలకంటే గుమ్మటాలు ఎక్కువా అని వారిని నిలదీశారు. అది తేలికగా తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. వారి సమాధానం మాత్రం సూటిగానే ఉండింది: ఆవరణ విశాలమైనది, పాత భవనాన్ని మరమ్మతు చేసి ఉంచుకుని, ఖాళీ స్థలంలో కొత్త బ్లాకులు కట్టవచ్చును. అయిదేళ్ళు గడిచినా మరమ్మతూ జరగలేదు, కొత్త నిర్మాణమూ జరగలేదు. 2020 జులైలో వర్షపునీరు మురుగుతో కలిసి వార్డులలోకి చేరింది. పాత బ్లాకును ఖాళీ చేయించారు. చివరకు 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఆ పదేళ్ళలో నేలమీద పడుకున్న రోగికి జరిగిన అన్యాయాన్ని ఏ ఒక్క పక్షం మీదనో నెట్టివేయలేము. కాని భవనమా, రోగియా అన్న ఎంపికే తప్పుడు ఎంపిక అని ఆ కొత్త శంకుస్థాపన నిరూపిస్తున్నది.

పెద్ద భవనాల ముచ్చట అటుంచి, మన మొహల్లాలలోని మస్జిదుల వైపు చూద్దాం. కుతుబ్‌షాహీ, ఆసఫ్‌జాహీ కాలాల నాటి మస్జిదులు హైదరాబాదులోనే గాక అనేక తెలుగు పట్టణాలలో ఉన్నాయి. వీటికి జరుగుతున్న హానిలో చాలా భాగం మన చేతులమీదుగానే, అదీ సదుద్దేశంతోనే జరుగుతున్నదని చెప్పక తప్పదు. కమిటీ వారు చందాలు పోగుచేస్తారు. పాత గోడ చెమ్మగిల్లిందని సిమెంటు పూత వేయిస్తారు. మిహ్రాబు చుట్టూ స్నానాల గదికి వేసే పలకలు అతికిస్తారు. నగిషీ మీద ఆయిలు పెయింటు పూయిస్తారు. రెండేళ్ళు తళతళలాడుతుంది. తరువాత పెచ్చులు ఊడటం మొదలవుతుంది.

కారణం తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పాత గోడలు డంగుసున్నంతో కట్టినవి. సున్నమూ ఇసుకా గానుగలో రోజుల తరబడి నూరి, బెల్లపు నీరు, కరక్కాయ రసం వంటివి కలిపి మేస్త్రీలు ఆ అడుసు తయారు చేసేవారు. అది గాలి పీల్చుకునే పదార్థం. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కినా, మళ్ళీ ఆవిరై వెలుపలికి పోతుంది. దానిమీద సిమెంటు పరచితే చెమ్మకు దారి మూసుకుపోతుంది. లోపలే నిలిచి సున్నాన్ని పొడిగా రాల్చివేస్తుంది. కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో ఆగాఖాన్ ట్రస్టు వారు పదేళ్ళకు పైగా చేసిన జీర్ణోద్ధరణలో మొదటి పనులలో ఒకటి వెనుకటి మరమ్మతుల సిమెంటును గీకి తీసివేయడం. అక్కడి బావులను కూడా పూడిక తీసి, సున్నంతోనే తిరిగి కట్టారు. ఆ పనికి 2022లో యునెస్కో పురస్కారం లభించింది.

కాబట్టి మస్జిదు కమిటీ మరమ్మతు తలపెట్టినపుడు ముందుగా సున్నం పని తెలిసిన మేస్త్రీని విచారించడం మంచిది. అటువంటివారు ఇంకా ఉన్నారు. కట్టడం వక్ఫ్ ఆస్తి అయితే దాని దస్తావేజులు, సర్వే నంబరు, సరిహద్దులు ఒక పుస్తకంలో వ్రాసి, నాలుగు వైపుల ఫోటోలు తీసి పెట్టుకోవాలి. చదువుకుంటున్న మన పిల్లలు ఒక సెలవు దినాన చేయగల పని ఇది. ఏదైనా పట్టణానికి కొత్త మాస్టర్ ప్లాన్ తయారైనపుడు దాని ముసాయిదాను ప్రకటించి, నిర్ణీత గడువులోగా ప్రజల అభ్యంతరాలు కోరుతారు. రోడ్డు వెడల్పు గీత ఖబరస్తాను మీదుగా పోతున్నదో, పాత బావి మీదుగా పోతున్నదో ఆ ముసాయిదా పటంలోనే కనిపిస్తుంది. గడువు ముగిసిన తరువాత ఊరేగింపులు తీసేకంటే, గడువులోగా సర్వే నంబరుతో సహా ఒక ఉత్తరం వ్రాసి, కార్యాలయంలో ముద్ర వేయించుకుని, నకలు దాచుకోవడం మేలు.