జ్ఞానదంతం తీయించుకున్న తర్వాత

జ్ఞానదంతాలు సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తాయి. దవడలో చోటు చాలకపోతే పన్ను అడ్డంగా ఇరుక్కుంటుంది. చిగురు కింద ఆహారం చేరి పదేపదే వాస్తుంటే దానిని తీయించుకోవలసి వస్తుంది. ఇబ్బంది పెట్టని పన్నును సాధారణంగా తీయనక్కరలేదు.

పన్ను తీసిన గుంతలో రక్తం గడ్డకడుతుంది. లోపలి ఎముకకు ఆ గడ్డే రక్షణ. అందుకే డాక్టరు పెట్టిన దూదిని అరగంటసేపు గట్టిగా కొరికి పట్టండి. మొదటిరోజు పుక్కిలించకండి, ఉమ్మకండి, స్ట్రాతో తాగకండి. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీటితో నెమ్మదిగా పుక్కిలించవచ్చు. వాపు రెండు మూడు రోజులు పెరిగి, తర్వాత తగ్గుతుంది.

సూరత్ మరమగ్గాలపై పనిచేసే మన నేత కార్మికులకు ఒక హెచ్చరిక. గుజరాత్‌లో గుట్కాను 2012లో నిషేధించినా, పొగాకు అలవాటు పోలేదు. గాయం మానేవరకు బీడీ, ఖైనీ ముట్టకండి. అవి గాయాన్ని మాననివ్వవు. గడ్డ ఊడిపోతే ఎముక బయటపడి, మూడోరోజుకు నొప్పి చెవిదాకా పాకుతుంది. అప్పుడు నొప్పిమాత్రలతో షిఫ్టులు నెట్టుకురావద్దు. దంతవైద్యుని దగ్గరకు వెళ్లండి. జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా ఆలస్యం చేయకండి. ఊపిరి ఆడకపోతే వెంటనే ఆసుపత్రికి చేరండి.