స్కోరు బోర్డు మీద జట్టు కనిపించదు

సైనిక శిక్షణలోకి సెన్సర్లు, కంప్యూటర్లు వచ్చినప్పటి నుంచి ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది: విన్యాసంలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్న జట్టే యుద్ధానికి సిద్ధమైన జట్టు. ఎంతమందిని ‘చంపారు’, ఎంతమందిని పోగొట్టుకున్నారు, ఎన్ని నిమిషాల్లో లక్ష్యం చేరారు అన్న అంకెలు తెర మీద పడితే చాలు, ఆ జట్టు గురించి ఇక తెలుసుకోవాల్సింది ఏమీ లేదంటారు. ఉత్త అపోహే అయితే వదిలేయవచ్చు. కానీ గెలుపు అంకె కోసం పాకులాడి అమెరికా సైన్యం 2002లో ఒక విలువైన పాఠాన్ని చేజార్చుకుంది.

ఆ ఏడాది దాదాపు 25 కోట్ల డాలర్ల ఖర్చుతో ‘మిలీనియం ఛాలెంజ్’ విన్యాసం జరిగింది. శత్రుపక్షాన్ని నడిపే పని మెరైన్ కోర్ నుంచి రిటైరైన లెఫ్టినెంట్ జనరల్ పాల్ వాన్ రైపర్‌కు అప్పగించారు. రేడియోలో మాట్లాడితే అవతలివాళ్లు వింటారని ఆయన మోటార్‌సైకిళ్ల మీద మనుషులతో కబురు పంపించారు. క్షిపణులు, చిన్న పడవలతో ఒక్కసారిగా విరుచుకుపడి, విమానవాహక నౌకతో సహా 16 నౌకల్ని కంప్యూటర్ లెక్కలో ముంచేశారు. నిర్వాహకులు ఆట ఆపారు. మునిగిన నౌకల్ని తిరిగి తేల్చారు. శత్రువు ఏమేం చేయకూడదో కూడా చెప్పారు. వాన్ రైపర్ మధ్యలోనే శత్రుదళ సారథ్యం వదులుకున్నారు, చివరికి అమెరికా పక్షమే గెలిచింది. వేలమంది సైనికులతో మొదలైన కార్యక్రమాన్ని అర్ధాంతరంగా ఆపలేరు కాబట్టి మళ్లీ మొదలుపెట్టడం వరకు అర్థం చేసుకోవచ్చు. ఆ తర్వాత శత్రువు చేతులు కట్టేసి తెచ్చుకున్న గెలుపు ఏ సామర్థ్యానికీ కొలత కాదు.

కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో, ఫోర్ట్ ఇర్విన్ దగ్గర 1980లో ఏర్పడిన జాతీయ శిక్షణ కేంద్రం సరిగ్గా దీనికి విరుద్ధమైన పద్ధతిలో నడుస్తుంది. అక్కడ శత్రువుగా నటించే దళానికి ఆ ఎడారిలో ప్రతి లోయా తెలుసు, ఏడాది పొడుగునా వాళ్ల పని అదే. కొత్తగా వచ్చిన బ్రిగేడ్లు వాళ్ల చేతిలో ఓడిపోవడం మామూలే, అందుకు సిగ్గుపడాల్సిన పనీ లేదు. అసలు పని పోరు ముగిశాక మొదలవుతుంది. ఏం చేద్దామనుకున్నారు, నిజానికి ఏం జరిగింది, ఎందుకలా జరిగింది, ఈసారి ఏం మారుస్తారు అని పరిశీలకులు అడుగుతారు. జవాబు చెప్పాల్సింది జట్టే. ట్యాంకులు ఎప్పుడు ఎక్కడున్నాయో, రేడియోలో ఎవరు ఏమన్నారో రికార్డు ఉంటుంది కాబట్టి ‘మేము అక్కడే ఉన్నాం’ అని బుకాయించడం కుదరదు. డేటా అక్కడ సాక్ష్యం చెబుతుంది, తీర్పు ఇవ్వదు.

మరి కొలవాల్సింది ఏమిటి? జవాబు ఒక ఘోరం నుంచి వచ్చింది. 1988 జూలై 3న అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ బందర్ అబ్బాస్ నుంచి దుబాయ్ వెళుతున్న ఇరాన్ ఎయిర్ విమానాన్ని కూల్చేసి 290 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ నౌకలోని ఏజిస్ అనే రాడార్, ఆయుధ వ్యవస్థ అప్పటికి అత్యాధునికమైనది. అది రికార్డు చేసిన టేపుల్ని దర్యాప్తులో పరిశీలిస్తే విమానం పైకి ఎగురుతూనే ఉంది, పౌర విమానాలు పంపే సంకేతమే పంపుతోంది. నౌక లోపల తెరల ముందు కూర్చున్నవాళ్లు మాత్రం అది కిందికి దిగుతూ తమ మీదికే వస్తున్న ఎఫ్-14 యుద్ధవిమానమని కెప్టెన్‌కు చెప్పారు. పౌర విమానం కావచ్చని ఒకరు అన్నా, ఆ మాట నిలబడలేదు. యంత్రం సరైన అంకెలే చూపించింది. ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి చేరేసరికి అవి తలకిందులయ్యాయి.

ఆ ఘోరం తర్వాత అమెరికా నౌకాదళం ‘టాడ్మస్’ పేరుతో పరిశోధన చేపట్టింది. ఎడ్వర్డో సలాస్, జానిస్ కానన్-బవర్స్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు అందులో పనిచేశారు. గురి తప్పిందా తగిలిందా అన్నది పక్కనపెట్టి నాలుగు విషయాలు గమనించడం మొదలైంది: సమాచారం పంచుకున్నారా, మాట స్పష్టంగా ఉందా, ఒకరి పొరపాటును ఇంకొకరు దిద్దారా, చొరవ తీసుకుని దారి చూపినవాళ్లు ఉన్నారా. జట్టు పరిశోధకులు వాడే ఇంకో చిన్న లెక్క ఎంతో విలువైనది. అడక్కముందే అందిన సమాచారం ఎంత, అడిగితే గానీ రానిది ఎంత? మొదటిది పెరిగితే, పక్కవాడికి ఏం కావాలో జట్టు సభ్యులు ముందే ఊహించగలుగుతున్నారన్నమాట.

ఇక మిగతా నమ్మకాలు. యుద్ధంలో నలుగురిలో ఒక్కడికి మించి తుపాకీ పేల్చరని అమెరికా సైనిక చరిత్రకారుడు ఎస్.ఎల్.ఎ. మార్షల్ 1947లో రాసిన మాటను ఉపన్యాసాల్లో ఇంకా వల్లిస్తుంటారు. ఆ లెక్కకు ఆధారమే లేదని చరిత్రకారుడు రోజర్ స్పిల్లర్ 1988లోనే చూపించారు. గుండె వేగం కొలిస్తే ధైర్యం తెలుస్తుందనడం తప్పు, పరుగెత్తినా వేగం పెరుగుతుంది. ఎన్ని పరికరాలు కడితే అంత మంచిదన్నదీ నిలబడదు: 2018 జనవరిలో స్ట్రావా అనే వ్యాయామ యాప్ మ్యాపు మీద సిరియా, అఫ్గానిస్తాన్‌లలోని సైనిక స్థావరాల ఆకారాలు సైనికుల జాగింగ్ దారులతోనే బయటపడ్డాయి.

‘లేజర్ తుపాకుల శిక్షణ చెడు అలవాట్లు నేర్పుతుంది’ అన్న ఫిర్యాదును మాత్రం కొంతవరకు ఒప్పుకోక తప్పదు. మైల్స్ అనే పరికరంలో ఖాళీ తూటా పేలగానే తుపాకీకి బిగించిన పెట్టె లేజర్ కిరణాన్ని వదులుతుంది. అది ఎదుటివాడి హెల్మెట్ మీదో, ఒంటి పట్టీల మీదో ఉన్న సెన్సర్‌కు తగిలితే కీచుమని ఆగకుండా మోత. పాత పరికరంలో ఆ మోత ఆపాలంటే తుపాకీ పెట్టెలోని తాళంచెవి తీసి పట్టీలో పెట్టాలి, దాంతో తుపాకీ పనిచేయదు. చక్కటి ఏర్పాటే. కానీ నిజం తూటా చీల్చుకుపోయే ఆకుల్ని ఆ కిరణం దాటలేదు. పొద చాటున నక్కి ‘బతికిన’ సైనికుడు పొదను గోడలా నమ్ముకోవడం నేర్చుకుంటే అతని ప్రాణానికే ముప్పు. పరిశీలకుడు పక్కనే ఉండి ఆ భ్రమ అక్కడికక్కడే పోగొట్టాలి.

హైదరాబాద్‌లోని జెన్ టెక్నాలజీస్ 1993 నుంచి సైనిక శిక్షణ సిమ్యులేటర్ల రంగంలో ఉంది కాబట్టి ఈ చర్చ తెలుగు ఇంజినీర్లకు దూరపు విషయం కాదు. ఇలాంటి పరికరాలు తయారుచేసేవాళ్లు, కొనేవాళ్లు మొదట చూడాల్సింది తుది స్కోరు ఎంత అందంగా కనిపిస్తుందో కాదు, మాటల రికార్డును సంఘటనల క్రమంతో జతచేసి వెనక్కి తిప్పి చూసుకునే వీలుందో లేదో. సమీక్ష ఆ రోజే, జ్ఞాపకం చెదరకముందే జరగాలి. అక్కడ బయటపడ్డ తప్పుల్ని ప్రమోషన్ ఫైళ్లలోకి ఎక్కించకూడదు. ఒక్కసారి ఎక్కించినా, మరుసటి విన్యాసం నుంచి రేడియోలో ఎవరూ ‘నాకు అనుమానంగా ఉంది’ అని నోరు విప్పరు.