పికప్ పోతే టర్బో పోయినట్టేనా? డీజిల్ కారు: అపోహలు – వాస్తవాలు

మదురై దాటాక శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం, తెన్కాశి, సెంగోట్టై మీదుగా కేరళలోకి దిగే 744వ నంబరు జాతీయ రహదారి శబరిమలకు కారులో వెళ్లే మనవాళ్లలో చాలామందికి తెలిసిన దారే. సెంగోట్టై దాటి పుళియరై వంపుల్లో ఆర్యన్‌కావు కనుమ ఎక్కేటప్పుడు నిండుగా మనుషులు, పైన సామాను, లోపల ఏసీ. అలాంటి చోట డీజిల్ బండి ఉన్నట్టుండి లాగడం మానేస్తుంది. ఇంజన్ ఆగదు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా 3,000 ఆర్‌పీఎం దగ్గరే నిలబడిపోతుంది. రాజపాళయంలో షెడ్డుకు తీసుకెళ్తే భాషతో ఇబ్బంది ఉండదు. తరాల కిందట వలస వచ్చి స్థిరపడిన రాజుల ఇళ్లలో నేటికీ తెలుగే మాట్లాడతారు. ఇబ్బందల్లా, మెకానిక్ బానెట్ ఎత్తకముందే బండిలోని వాళ్లు రోగం పేరు చెప్పేయడంతోనే.

అపోహ: పికప్ పోయిందంటే టర్బో పోయినట్టే.

ఇంత డబ్బు వృథా చేయించే నమ్మకం మరొకటి లేదు. టర్బో నిమిషానికి లక్షకు పైగా తిరిగే భాగం. నిజంగా పాడైతే ఈల లాంటి గట్టి శబ్దమో, నీలం పొగో, ఆయిల్ తగ్గడమో కనిపిస్తుంది. అవేవీ లేకుండా హఠాత్తుగా బలం తగ్గితే ముందు చూడాల్సింది టర్బోను కాదు, దాని చుట్టూ ఉన్న గొట్టాలను. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌కు గాలి తీసుకెళ్లే రబ్బరు హోస్ చిట్లినా, క్లిప్పు వదులైనా ఒత్తిడి పెట్టిన గాలి బయటికి పోతుంది. గాలి తగ్గిన చోట డీజిల్ ఎక్కువై నల్లపొగ వస్తుంది. ఆ పొగ చూసి ఇంజెక్టర్లు విప్పేవాళ్లూ ఉన్నారు! వేక్యూమ్‌తో టర్బోను అదుపు చేసే కార్లలో చిటికెన వేలంత సన్నని గొట్టం పగిలినా లక్షణం ఇదే. హోస్ లోపల కాస్త ఆయిల్ తడి కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ఇంజన్ బ్రీతర్ నుంచి వచ్చే ఆవిరి వల్ల అంత తడి మామూలే. చేతికి ధారగా కారితే మాత్రం టర్బోను అనుమానించాలి.

అపోహ: స్కానర్ పెడితే ఏ పార్టు మార్చాలో అదే చెబుతుంది.

స్కానర్ చెప్పేది లక్షణం మాత్రమే. పి0299 అంటే టర్బో గాలి ఒత్తిడి ఉండాల్సినంత లేదని. చిట్లిన హోస్, పట్టేసిన ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది), తప్పు చెబుతున్న సెన్సర్, కదలని టర్బో యాక్చుయేటర్, వీటిలో దేనివల్లయినా ఆ కోడ్ రావచ్చు. పి0087 అంటే ఇంజెక్టర్లకు డీజిల్ అందించే కామన్ రైల్లో ఒత్తిడి చాలడం లేదని. కారణం మూసుకుపోయిన ఫిల్టర్ కావచ్చు, హైప్రెషర్ పంపు కావచ్చు. ఈ రెండింటి ఖర్చుకూ పొంతనే లేదు.

అసలు పని కోడ్ చదివాక మొదలవుతుంది. మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, స్కానర్ తగిలించి, లోడుతో చిన్న ఎత్తు ఎక్కించండి. కంప్యూటర్ అడిగిన గాలి ఒత్తిడి ఎంత, అందింది ఎంత, రెండు అంకెలూ పక్కపక్కన కనిపిస్తాయి. అంతకన్నా సులువైన పరీక్ష ఇంకొకటుంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసినప్పుడు ఆ గాలి ఒత్తిడిని కొలిచే సెన్సర్ మామూలు వాతావరణ పీడనమే చూపాలి. రాజపాళయం లాంటి మైదానంలో అది సుమారు 1,000 మిల్లీబార్లు. దానికి బాగా తేడాగా ఉంటే ముందు సెన్సర్‌నీ, దాని వైరింగునీ చూడమనండి.

అపోహ: కీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే పికప్ తిరిగొచ్చింది, ఇక చింత లేదు.

తిరిగి రావడం నిజమే. ఏదో తేడా గమనించిన కంప్యూటర్ ఇంజన్ దెబ్బతినకుండా బలాన్ని తగ్గిస్తుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. చాలా కార్లలో మళ్లీ స్టార్ట్ చేయగానే ఆ ఆంక్ష తాత్కాలికంగా పోతుంది. లోపం మాత్రం అక్కడే ఉంటుంది, తర్వాతి ఎత్తు దగ్గర మళ్లీ బయటపడుతుంది.

నన్ను నిజంగా భయపెట్టేది, ఈ చిట్కా తెలిసినవాళ్లు బండి కదులుతుండగానే కీ తిప్పేయడం. ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. బ్రేకుకు సాయం చేసే వేక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకే అయిపోతుంది. ఘాట్‌లో, వెనక బస్సు వస్తుండగా అది ప్రాణాలతో చెలగాటం. ఇంజన్ నడుస్తున్నంతసేపూ బ్రేకూ స్టీరింగూ పనిచేస్తాయి. కాబట్టి నాలుగు లైట్లూ వెలిగించి, చిన్న గేరులో ఎడమకు తెచ్చి, పూర్తిగా ఆపి హ్యాండ్ బ్రేక్ వేశాకే కీ ముట్టుకోండి.

బ్యాటరీ వైరు తీసి పెట్టడం కూడా మందు కాదు. లోపం వచ్చిన క్షణంలో వేగమెంత, వేడి ఎంత, లోడెంత అని కంప్యూటర్ రాసుకున్న వివరాలు దాంతో చెరిగిపోవచ్చు.

అపోహ: కల్తీ డీజిలే కారణం.

ఒక్కోసారి అవుతుంది. నీళ్లు కలిస్తే బండి కుదుపులతో నడుస్తుంది, మొరాయిస్తుంది, చాలా కార్లలో డీజిల్‌లో నీటి గుర్తు వెలుగుతుంది. డీజిల్ ఫిల్టర్ కింది మరను వదులుచేసి సీసాలోకి పట్టి చూస్తే నీళ్లు అడుగుకు చేరి కనిపిస్తాయి. ఈ గుర్తులేవీ లేకుండా బంకువాణ్ణి తిట్టి లాభం లేదు. శుభ్రం చేస్తుందని కిరోసిన్ కలపడం మరీ తప్పు. 1,600 బార్ల ఒత్తిడి దాకా పనిచేసే పంపుకు డీజిల్‌లోని జిడ్డే రక్ష.

అపోహ: ఊళ్లోనే మెల్లగా తిరిగే బండికి ఏ రోగమూ రాదు.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్ల విషయంలో ఇది తలకిందులు. వాటి పొగగొట్టంలోని డీపీఎఫ్ మసిని పట్టి ఉంచి, సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చేస్తుంది. ఇంటి నుంచి మిల్లుకు, మిల్లు నుంచి బజారుకు తిరిగే బండిలో ఆ వేడి పుట్టదు. రాజపాళయం నుంచి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని శ్రీవిల్లిపుత్తూరు గుడికి వెళ్లొచ్చినా చాలకపోవచ్చు. డీపీఎఫ్ లైటు వెలిగితే తెన్కాశి రోడ్డు మీద 60 కిలోమీటర్లకు పైన వేగంతో పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా నడపండి. కారు పుస్తకంలో వేరే పద్ధతి ఉంటే దాన్నే పాటించండి. లైటును పట్టించుకోకపోతే తర్వాత వచ్చేది లింప్ మోడే. ఆయిల్ కూడా బీఎస్6కు తగిన తక్కువ బూడిద రకమే పోయాలి.

అపోహ: ఈజీఆర్ మూసేసి, డీపీఎఫ్ కోసి తీసేస్తే పీడా విరగడ.

తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇలా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. పైగా ఆ మసి మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే చేరుతుంది. మసి పట్టిన ఈజీఆర్‌ను విప్పి కడిగితే చాలాసార్లు సరిపోతుంది.

అపోహ: లింప్ మోడ్‌లో మెల్లగా పోతే ఎంత దూరమైనా పోవచ్చు.

పసుపు రంగు ఇంజన్ లైటు ఒక్కటే ఉంటే దగ్గరి షెడ్డు దాకా పోవచ్చు. ఎర్రటి ఆయిల్ గుర్తు వెలిగినా, వేడి ముల్లు పైకెక్కినా అక్కడికక్కడే ఆపాలి. నీలం పొగ దట్టంగా వస్తూ, యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ వేగం పెరుగుతోందంటే టర్బో సీలు పోయి ఇంజన్ తన ఆయిల్‌నే తాగుతోందన్నమాట. అప్పుడు కీ తీసినా అది ఆగకపోవచ్చు. మాన్యువల్ గేరు బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, పై గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ను ఆపండి. ఆగకపోతే బానెట్ దగ్గరికి వెళ్లకుండా అందరూ దిగి దూరం జరగండి.